ఒకే ఇంజను, రెండు కార్లు: డీనో 246 జీటీ, లాంచియా స్ట్రాటోస్‌లలో ఏది గొప్పది?

కనుమదారి:

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా మూడేళ్ళుగా ఉత్తర ఇటలీలో ఉంటున్నాను. పోయిన వేసవిలో పీమోంతె కొండల దిగువన ఒక చిన్న ఊళ్ళో, చర్చి ముందున్న ఖాళీ స్థలంలో పాత కార్ల యజమానులు కలుస్తున్నారని తెలిసి వెళ్ళాను. అక్కడ ఫెరారీ వారి ఎర్రటి డీనో 246 జీటీ, దాని పక్కనే మరో ఇటలీ సంస్థ లాంచియా వారి నీలిరంగు స్ట్రాటోస్ హెచ్ఎఫ్ నిలిపి ఉన్నాయి. రెండింటిలోనూ ఉన్నది ఫెరారీ వారి 2418 సీసీ వీ6 (వీ ఆకారంలో రెండు వరసలుగా ఆరు సిలిండర్లున్న) ఇంజనే. రెండింటిలోనూ అది డ్రైవరు వీపు వెనుక, అడ్డంగా అమర్చి ఉంటుంది. యజమానులు ఒకరి తర్వాత ఒకరు స్టార్టు చేస్తున్నప్పుడు నేను కావాలనే అటు తిరిగి నిలబడి విన్నాను. మొదటి అర నిమిషం ఏది ఏదో పోల్చుకోలేకపోయాను. యాక్సిలరేటరు తొక్కిన తర్వాత స్ట్రాటోస్ గొంతు గరుకెక్కింది, డీనో గొంతు సన్నబడి పైకి సాగింది.

నా అభిప్రాయం ముందే చెప్పి చర్చ మొదలుపెడతాను. నా దృష్టిలో స్ట్రాటోస్ గొప్ప కారు. అప్పటిదాకా రోడ్డు మీద తిరిగే మామూలు కార్లకే మార్పులు చేసి ర్యాలీలకు, అంటే కొండ దారుల్లో, మంచు మీద, కంకర మీద సాగే కార్ల పందేలకు పంపేవారు. ఆ అలవాటును పక్కనపెట్టి, ర్యాలీ గెలవడం అనే ఒక్క పని కోసమే మొదటి గీత నుంచి చివరి బోల్టు దాకా తయారైన కారు ఇది. డీనో అందమైనదే, కాదనను. అయితే అదే ఇంజను చేత లాంచియా చేయించిన పనితో పోలిస్తే డీనో చేసిన పని తక్కువగా కనిపిస్తోంది. మీరు ఒప్పుకోకపోతే కారణాలతో కాదనండి.

పద్మిని1100:

కనుమదారి గారూ, చర్చ ఇంజనుతో మొదలైంది కనుక ముందు దాని పుట్టుక చెప్పుకోవడం న్యాయం. ఆ ఇంజనుకు, ఆ కారుకు ఉన్న డీనో అనే పేరు ఎంజో ఫెరారీ కుమారుడు అల్ఫ్రెదోది. 24 ఏళ్ళకే, 1956 జూన్‌లో, కండరాల క్షీణత వ్యాధితో ఆ యువకుడు మరణించాడు. వీ6 ఇంజను ఆలోచనలో అతనికి, పెద్దాయన, ఇంజనీరు విత్తోరియో యానోకు ఇద్దరికీ భాగం ఉంది. సాధారణంగా 60 డిగ్రీలు ఉండవలసిన సిలిండర్ల కోణాన్ని 65 డిగ్రీలు చేశారు. ఆ అయిదు డిగ్రీల వల్ల రెండు వరసల నడుమ కార్బురేటర్లకూ, గాలి నేరుగా లోపలికి దిగే దారులకూ చోటు దొరికింది. కోణం మారినా సిలిండర్లు సమానమైన వ్యవధిలో మండేలా క్రాంక్ పిన్నులను (పిస్టన్ల కడ్డీలు తగులుకునే పిన్నులను) పక్కకు జరిపి ఆ లెక్క సరిచేశారు. ఇంజను పని చేసిన వాడికి ఇది చదువుతుంటేనే మనసు నిండుతుంది.

ఇక అది రోడ్డు మీదికి రావడానికి కారణం 1967లో అమలులోకి వచ్చిన ఫార్ములా 2 పందేల నిబంధన. పందెపు ఇంజను దిమ్మ (బ్లాక్) ఏడాదిలో కనీసం 500 తయారైన కారు నుంచి రావాలన్నారు. అన్ని కార్లు చేసే శక్తి అప్పటి ఫెరారీకి లేదు. అందుకని ఫియట్‌తో ఒప్పందం కుదుర్చుకుంది, ఫియట్ డీనో అనే కారు వచ్చింది, ఆ వెంటనే ఫెరారీ ఊరు మరనెల్లోలో డీనో 206 జీటీ వచ్చింది. 206లో ఇంజను 1987 సీసీ, అల్యూమినియం దిమ్మ. 1969లో వచ్చిన 246లో దిమ్మను పోత ఇనుముతో చేసి 2418 సీసీకి పెంచారు. 24 అంటే 2.4 లీటర్లు, 6 అంటే ఆరు సిలిండర్లు.

ఇంత చెప్పింది ఎందుకంటే, స్ట్రాటోస్ అరువు తెచ్చుకున్న గుండె అసలు డీనో కోసం కొట్టుకున్నది. అరువు తెచ్చుకున్నవాడు పేరు తెచ్చుకున్నాడని ఇచ్చినవాడిని తగ్గించడం నాకు నచ్చలేదు.

మాంటీరాత్రులు:

పద్మిని గారూ, నమస్కారం. అరువు సంగతి నిజమే, కానీ అరువు తెచ్చుకున్నవారు ఎందుకు తెచ్చుకున్నారో కూడా చూడాలి. 1970 ప్రాంతంలో లాంచియా ర్యాలీ జట్టును నడిపిన చెజారె ఫియోరియో దగ్గర ఉన్నది ఫుల్వియా కూపే. ముందు చక్రాలతో నడిచే 1.6 లీటర్ల చిన్న కారు. దానితోనే సాండ్రో మునారి 1972 మాంటీ కార్లో ర్యాలీ గెలిచాడు, లాంచియా ఆ ఏడాది అంతర్జాతీయ తయారీదారుల టైటిల్ కూడా అందుకుంది. అయినా ఆల్పైన్ ఎ110, పోర్షె 911 వంటి వెనుక ఇంజను కార్ల ముందు ఫుల్వియాకు రోజులు దగ్గరపడ్డాయని ఫియోరియోకు తెలుసు. తేలికగా ఉండి, కొండ మలుపుల్లో గిర్రున తిరిగి, మంచు మీదా కంకర మీదా వెనుక చక్రాలకు పట్టు దొరికే కారు కావాలి. అలాంటి కారుకు తగిన ఇంజను ఇటలీలో ఆనాడు సిద్ధంగా ఉన్నది ఒక్కటే.

ఆ కారు ఫలితాలు చూడండి. 1972 చివర కార్సికా ర్యాలీలో మొదటిసారి దిగి, సస్పెన్షన్ సమస్యతో ఆగిపోయింది. 1974 అక్టోబరులో గ్రూప్ 4 అనే పందెపు తరగతిలో దిగేందుకు అనుమతి వచ్చింది, అదే నెలలో సాన్‌రెమోలో మునారి గెలిచాడు. 1974, 1975, 1976 సంవత్సరాల ప్రపంచ టైటిళ్ళు లాంచియావే (1974 పాయింట్లలో ఫుల్వియాకూ, బీటా అనే మరో లాంచియా కారుకూ వాటా ఉందని నిజాయితీగా ఒప్పుకోవాలి). 1975, 76, 77 మాంటీ కార్లో మూడింటినీ మునారి స్ట్రాటోస్‌తోనే గెలిచాడు. కార్ఖానా జట్టు చేయి వదిలేసిన తర్వాత కూడా, 1979 మాంటీ కార్లోలో బెర్నార్ దార్నిష్ ఒక ప్రైవేటు జట్టు స్ట్రాటోస్‌తో వాల్డెగార్డ్ నడిపిన ఫోర్డ్ ఎస్కార్ట్‌ను ఆరంటే ఆరు సెకన్ల తేడాతో దాటాడు. చివరి ప్రపంచ ర్యాలీ విజయం 1981లో కార్సికాలో, మళ్ళీ దార్నిష్ చేతుల మీదుగా. ఆకారం గీసి పదేళ్ళు గడిచిన కారు అది.

డీనో 246కు ఇలాంటి చరిత్ర లేదు. నేను దాన్ని తగ్గించడం లేదు, కానీ గొప్పతనానికి ఏదో ఒక కొలత ఉండాలి కదా.

రేఖాచిత్రం:

నేను వాస్తుశిల్పం చదివినదాన్ని, ఇంజన్ల గురించి నాకు తెలిసింది తక్కువ. అయితే ఈ రెండు కార్లను కళ్ళతో కొలవడం మొదలుపెడితే మాంటీరాత్రులు గారి కొలతబద్ద ఒక్కటే సరిపోదని తెలుస్తుంది.

డీనో ఆకారం కార్ల రూపకల్పన సంస్థ పినిన్‌ఫరీనాలో ఆల్దో బ్రొవరోనె చేతి నుంచి వచ్చింది. దాని వెనుక అద్దం చూశారా? తల వెనుక నిలువుగా నిలబడి, రెండు వైపులా వంగి, పైకప్పు నుంచి జారే రెండు స్తంభాల మధ్య ఒదిగి ఉంటుంది. తలుపుల మీద గాలి లోపలికి పోయే పల్లం ఉంటుంది. అది దొప్పలా తలుపు నడిమి నుంచి మొదలై వెనుక చక్రం వైపు లోతవుతూ పోతుంది, ఆ పల్లం అంచునే తలుపు పిడి ఒక చిన్న లోహపు నాలుకలా దాగి ఉంటుంది. మొదటిసారి చూసిన వారు పిడి ఎక్కడుందో వెతుక్కుంటారు. ముందు చక్రాల మీది ఉబ్బులు డ్రైవరు సీటు నుంచి కనిపిస్తాయట, వాటి నడుమ నుంచి రోడ్డును గురిచూస్తూ నడపవచ్చునట. అందం కోసం గీసిన గీత పనికి కూడా వచ్చిందంటే ఆ గీత ముందు నేను నమస్కరిస్తాను.

స్ట్రాటోస్ గీసింది బెర్టోనె అనే మరో రూపకల్పన సంస్థలో మార్చెల్లో గాందీనీ. అంతకు ముందు 1970 తూరిన్ కార్ల ప్రదర్శనలో ఆయన స్ట్రాటోస్ జీరో అనే నమూనా చూపించారు. దాని ఎత్తు 84 సెంటీమీటర్లు. ముందు అద్దాన్నే పైకెత్తి లోపలికి దిగాలి. సంస్థ అధిపతి నూచియో బెర్టోనె ఆ నమూనాను స్వయంగా నడుపుకుంటూ లాంచియా కార్యాలయానికి వెళ్ళి, ద్వారం దగ్గర అడ్డుగా ఉన్న కర్ర కింద నుంచి దూరిపోయారన్న కథ ఇటలీలో ప్రసిద్ధం. తర్వాత వచ్చిన అసలు స్ట్రాటోస్‌కు, జీరోకు గీతలో పోలిక తక్కువ. అసలు కారులో నాకు నచ్చింది ముందు అద్దం. ఒక గొట్టం నుంచి కోసిన ముక్కలా, శిరస్త్రాణపు కంటితెరలా, పక్క కిటికీల దాకా చుట్టుకుంటుంది. వంపు అంతటా ఒకటే కాబట్టి ఎటు చూసినా దృశ్యం వంకరపోదు. లోపల ఇద్దరు మనుషులు, వారి చూపు, వారి చేతులు. మిగిలినదంతా వాటి చుట్టూ కట్టిన గోడ.

అందుకే నాకు ఈ రెండూ రెండు రకాల ఇళ్ళు. డీనోలో మనిషి వెళ్ళి కూర్చుంటాడు. స్ట్రాటోస్‌ను మనిషి తొడుక్కుంటాడు.

తూరిన్‌తెలుగు:

రేఖాచిత్రం గారు చెప్పిన "తొడుక్కోవడం" అనే మాటకు కొలతల్లో ఆధారం ఉంది. నేను తూరిన్‌లో వాహన గమన శాస్త్రం చదువుతున్నాను, కనుక లెక్కలోకి వెళ్తాను, క్షమించాలి.

డీనో 246లో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 2340 మిల్లీమీటర్లు. ముందు చక్రాల మధ్య వెడల్పు 1425. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.64 వస్తుంది. స్ట్రాటోస్‌లో ఇవి 2180, 1430. భాగిస్తే 1.52. మామూలు కార్లలో ఈ సంఖ్య 1.7కు అటూ ఇటూగా ఉంటుంది. అది తగ్గేకొద్దీ కారు చతురస్రానికి దగ్గరవుతుంది, అంటే తన చుట్టూ తాను తిరగడం తేలికవుతుంది. స్ట్రాటోస్ మొత్తం పొడవు 3.71 మీటర్లే. ఇంజను, పెట్రోలు, మనుషులు, అంతా నడిమధ్యన కుదించి ఉంటారు కనుక తిప్పినప్పుడు ఎదురు తిరిగే బరువు చివరలలో దాదాపు లేదు. స్టీరింగు కొంచెం తిప్పితే ముక్కు వెంటనే తిరుగుతుంది.

అదే గుణం ప్రమాదం కూడా. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు వదిలితే బరువు ముందుకు జరుగుతుంది, వెనుక చక్రాలు పట్టు తప్పుతాయి, కారు తోక బయటికి విసురుకుంటుంది. డీనోలోనూ ఇదే జరుగుతుంది. కానీ అక్కడ ఇరుసుల మధ్య 16 సెంటీమీటర్ల అదనపు దూరం, ఒక క్వింటాలు దాకా ఎక్కువ బరువు కలిసి ఆ కదలికను నెమ్మది చేస్తాయి. డ్రైవరుకు తప్పు తెలుసుకుని సరిదిద్దుకునే క్షణం దొరుకుతుంది. స్ట్రాటోస్‌లో ఆ క్షణం మునారి వంటివారికి చాలు, నా వంటివారికి చాలదు.

సస్పెన్షన్‌లో కూడా తేడా ఉంది. డీనోకు నాలుగు చక్రాలకూ జంట విష్‌బోన్లు, అంటే చక్రాన్ని పైనా కిందా పట్టుకునే రెండేసి చేతులు. స్ట్రాటోస్‌కు ముందు విష్‌బోన్లు, వెనుక మాత్రం మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన నిలువు కడ్డీలు. కాగితం మీద డీనో పద్ధతే ఉన్నతమైనది. కానీ రాళ్ళ దారిలో చక్రం చాలా ఎత్తుకు ఎగరాలి, దెబ్బకు తట్టుకోవాలి, పది నిమిషాల విరామంలో విప్పి మార్చే వీలుండాలి. ఆ పనికి స్ట్రట్ మేలు. శక్తిలో తేడా నామమాత్రం: డీనోకు 7600 ఆర్‌పీఎం దగ్గర 195 హార్స్‌పవర్, రోడ్డు స్ట్రాటోస్‌కు 7000 దగ్గర 190.

పద్మిని1100:

తూరిన్ బాబూ, మీ లెక్కలు చదివి నేను కాసేపు కదలకుండా కూర్చుండిపోయాను. 2340 మిల్లీమీటర్లు! అది మన ప్రీమియర్ పద్మిని ఇరుసుల మధ్య దూరం. 2180కి అయిదు మిల్లీమీటర్లు తగ్గిస్తే మారుతి 800. ఈ వేదికలో ఉన్న చాలామందికి ఈ రెండు కార్లూ చేతికి తెలుసు, కాబట్టి డీనోకూ స్ట్రాటోస్‌కూ ఉన్న తేడా మనలో చాలామంది తెలియకుండానే అనుభవించి ఉంటారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఒకసారి వానాకాలంలో విశాఖ నుంచి అనంతగిరి ఘాటు మీదుగా అరకుకు నేను పద్మినిలో, మా తమ్ముడు మారుతి 800లో వెళ్ళాము. మలుపులో తడి ఆకులు పరుచుకుని ఉన్నాయి. పద్మిని తోక జారుతున్నట్టు నడుముకు ముందు తెలిసింది, తర్వాత కళ్ళకు తెలిసింది, స్టీరింగు ఎదురు తిప్పేసరికి సర్దుకుంది. వెనుక వస్తున్న తమ్ముడి బండి మాత్రం జారిందని నేను అద్దంలో చూసేలోగానే అడ్డం తిరిగి కొండ వైపు కాలువలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. మారుతి ముందు చక్రాలతో నడుస్తుంది, పైగా చాలా తేలిక, కనుక పోలికను మరీ దూరం లాగను. అయినా చిన్న బండి మనిషికి గడువు ఇవ్వదన్న మాట ఆనాడు ఒంటికి తెలిసింది.

ఆ పొడుగుకు 190 హార్స్‌పవర్ జోడించి, రాత్రిపూట మంచు మీద నడిపినవారిని తలచుకుంటే మాంటీరాత్రులు గారి మాటకు బరువు పెరిగిందనే ఒప్పుకుంటాను.

జెర్సీనుంచి:

న్యూజెర్సీలో ఒక పాత కార్ల పునరుద్ధరణ షెడ్డులో శనివారాలు సహాయం చేస్తుంటాను. డీనో 246 మీద మూడు కార్ల పని చూశాను, స్ట్రాటోస్‌ను ఒక్కసారి తాకాను. పని చేసే చేతి వైపు నుంచి చెబుతాను.

డీనోలో ఇంజను మూత చిన్నది. అడ్డంగా ఉన్న ఇంజనులో ఒక వరస సిలిండర్లు వెనక్కు, ఒక వరస క్యాబిన్ గోడ వైపు ఉంటాయి. వెనుక వరస స్పార్క్ ప్లగ్గులు చూస్తూ మార్చవచ్చు. ముందు వరసవి చూపుకు అందవు, వేళ్ళతో తడుముకుంటూ మరలు పట్టించాలి. మొదటిసారి మూడు ప్లగ్గులకు నాకు రెండు గంటలు పట్టింది, మణికట్టు మీద గీరుకుపోయిన మచ్చ ఇంకా ఉంది. స్ట్రాటోస్‌లో రెండు క్లిప్పులు తీసి వెనుక శరీరమంతా వెనక్కు తిప్పితే ఇంజను పూర్తిగా బయట పడుతుంది. ముందు భాగం అలాగే ముందుకు తెరుచుకుంటుంది. ర్యాలీలో మెకానిక్కుల నిమిషాలు లెక్కపెట్టి గీసిన కారని మూత తెరిచిన వెంటనే తెలుస్తుంది.

రెండింటికీ మూడేసి జంట గొట్టాల వెబర్ కార్బురేటర్లు. ఆరు గొంతులూ సమానంగా గాలి పీల్చాలి. మా షెడ్డు పెద్దాయన దగ్గర దానికి కొలమానం ఉంది, అయినా ఆయన చివరికి ఒక రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో పెట్టుకుని రెండో కొనను ఒక్కో గొంతు దగ్గరా ఆనించి వింటాడు. బుసలో తేడా వినిపిస్తే మరను వెంట్రుకవాసి తిప్పుతాడు. ఒకసారి ఒక యజమాని వేరేచోట సర్దించుకుని తెచ్చిన డీనో వచ్చింది. ఒక గొంతు మిగతావాటికంటే బాగా ఎక్కువ పీలుస్తోంది, కారు 3000 ఆర్‌పీఎం దగ్గర దగ్గుతోంది. ఆరూ కుదిరిన తర్వాత అదే ఇంజను 7000 దాకా పట్టు మీద దారం లాగినట్టు వెళ్ళింది. ఇంజనును నిందించే ముందు దాన్ని సర్దిన చేతులను చూడాలి.

తుప్పు విషయంలో డీనో బలహీనమైనది. ఇనుప గొట్టాల చట్రం మీద ఇనుప రేకు, మడతల్లో నీరు నిలుస్తుంది. స్ట్రాటోస్‌కు నడిమి గది ఇనుమే అయినా తలుపులు, ముందు వెనుక శరీరాలు ఫైబర్‌గ్లాసు. అయితే స్ట్రాటోస్ కొనాలనుకునేవారు నకళ్ళతో జాగ్రత్తగా ఉండాలి. అసలువి 500 లోపే తయారయ్యాయి, వాటి రూపంలో తయారైన నకళ్ళు మాత్రం చాలా తిరుగుతున్నాయి. డీనో 246లు మాత్రం, పైకప్పు తీసే జీటీఎస్‌లతో కలిపి, మూడున్నర వేలకు పైగా తయారయ్యాయి.

కనుమదారి:

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నా మొదటి టపాలో ఒక మాట సరిదిద్దుకోవాలి. "డీనో చేసిన పని తక్కువ" అన్నాను. పద్మిని గారి 2340 మాట చదివాక ఆ రోజు జరిగిన ఇంకొక సంగతి చెప్పక తప్పదు.

డీనో యజమాని నన్ను ఇరవై నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని కొండ దారిలో తిప్పాడు. గేరు కడ్డీ లోహపు పలకలో కోసిన దారుల వెంట కదులుతూ ప్రతి గేరుకూ టక్కుమని చిన్న చప్పుడు చేసేది. మొదటి గేరు ఎడమవైపు కిందికి ఉంటుంది. రెండు, మూడు ఎదురెదురుగా ఉండటం వల్ల కొండ మీద ఆయన చేయి ఎక్కువసేపు ఒకే నిలువు దారిలో ముందుకూ వెనక్కూ కదిలింది. వెనుక నుంచి ఇంజను పాడుతూనే ఉంది, అయినా మేమిద్దరం గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగాము. గుంటల మీద కారు మెత్తగా పోయింది. ఆయన వయసు డెబ్బై దాటింది, ఆ కారును నలభై ఏళ్ళుగా తానే నడుపుతున్నాడు.

తర్వాత స్ట్రాటోస్‌లో అయిదు నిమిషాలు కూర్చున్నాను, కదలలేదు, ఇంజను మాత్రం నడుస్తోంది. తలుపు లోపలి వైపు ఒక పెద్ద గుల్ల ఉంది, హెల్మెట్ పెట్టుకోవడానికి. కిటికీ అద్దం చుట్టి దించేది కాదు, ఒక మూల మీద తిరుగుతూ కిందికి జారుతుంది. వెనుక అద్దంలోంచి పలకల సందులు తప్ప ఏమీ కనిపించలేదు. వీపు వెనుక వేడి, అదిరే పెడళ్ళు. ఆ అయిదు నిమిషాల్లో నాకు చెమట పట్టింది.

సాయంత్రం వాన మొదలైంది. స్ట్రాటోస్‌ను ట్రెయిలర్ మీదికి ఎక్కించారు. డీనో పెద్దాయన దీపాలు వేసుకుని, వైపర్లు ఆడిస్తూ, ఎనభై కిలోమీటర్ల దూరంలోని తన ఇంటికి నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. ఇది మొదటి టపాలో రాయలేదు, రాస్తే నా వాదం పలచబడుతుందని అనిపించింది.

మాంటీరాత్రులు:

కనుమదారి గారూ, మీ నిజాయితీకి గౌరవం. కానీ ట్రెయిలర్‌ను సాక్ష్యంగా తీసుకోవడానికి నేను ఒప్పుకోను. మాంటీ కార్లో ర్యాలీలో తురీనీ కనుమ రాత్రిపూట, కొన్ని మలుపులలో మంచు, కొన్నిటిలో పొడి రోడ్డు, కొన్నిటిలో ప్రేక్షకులు చిమ్మిన మంచుగడ్డలు. ఆ దారిలో వరసగా మూడేళ్ళు గెలిచిన కారు వానకు భయపడదు.

దాని ఓటములు కూడా చెప్పుకుందాం. తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీని స్ట్రాటోస్ ఎన్నడూ గెలవలేదు. 1975లో మునారి రెండో స్థానం, వాల్డెగార్డ్ మూడో స్థానం. గెలిచింది ఓవె ఆండర్సన్ నడిపిన ప్యూజో 504, పొడుగాటి కుటుంబపు కారు. వేల కిలోమీటర్ల బురదలోనూ ఎర్రమట్టిలోనూ పొట్టి కారు ఎగిరెగిరి అలసిపోతుంది. తూరిన్‌తెలుగు గారు చెప్పిన 1.52 అక్కడ భారమైందని నా ఉద్దేశం.

ఇంకో మాట. ఆ కారును ఆపింది ఏ పోటీదారూ కాదు. మాతృసంస్థ ఫియట్, జనానికి అమ్మే కారును పోలిన 131 అబార్త్‌నే ర్యాలీలకు పంపాలని నిర్ణయించుకుంది. స్ట్రాటోస్‌ను పోలిన కారు ఏ షోరూములోనూ లేదు. దాని బలమే దాని పదవిని తీసేసింది, ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

తూరిన్‌తెలుగు:

ఈ రెండు కార్ల మధ్య ఇంజనుతో పాటు ఒక మనిషి కూడా వంతెనగా ఉన్నాడని చెప్పడం మరిచాను. మైక్ పార్క్స్ అనే ఆంగ్లేయుడు 1960లలో ఫెరారీలో ఇంజనీరుగా, పందెగాడుగా పనిచేశాడు. తర్వాత లాంచియాకు వచ్చి స్ట్రాటోస్‌ను సరిదిద్దే పనిలో కూర్చున్నాడు. మొదట్లో ఆ కారు సరళ రేఖలో కూడా నిలకడగా పోయేది కాదు. దాన్ని గెలిచే స్థితికి తెచ్చిన ఓపికలో ఆయన వాటా పెద్దది. 1977లో తూరిన్ సమీపంలో రోడ్డు ప్రమాదంలో మరణించాడు.

ఇక నా తీర్పు అడిగితే: కారును ఒక పనికి అమర్చిన తీరును బట్టి చూస్తే స్ట్రాటోస్ మేధస్సులో పెద్దది. మనిషి బలహీనతను లెక్కలోకి తీసుకున్న తీరును బట్టి చూస్తే డీనో పెద్దది. నేను చదువుకుంటున్న శాస్త్రం రెండోదాన్నే ఎక్కువ కష్టమైన పనిగా చెబుతుంది, కనుక నా ఓటు డీనోకు.

రేఖాచిత్రం:

నా ఓటు స్ట్రాటోస్‌కు, నేను మొదట రాసినదానికి వ్యతిరేకంగా అనిపించినా సరే. డీనో లేకపోయినా పినిన్‌ఫరీనా అలాంటి అందాన్ని వేరే కారు మీద చూపించేది, చూపించింది కూడా. స్ట్రాటోస్ ఆకారం ఆ పని లేకపోతే పుట్టేది కాదు.

కనుమదారి గారూ, ఒక చిన్న ప్రశ్న. ఆ నీలిరంగు కారు టైర్లు గమనించారా?

పద్మిని1100:

నేనూ అదే అడగబోతున్నాను. ట్రెయిలర్ గుట్టు అక్కడే ఉంటుందని నా అనుమానం.

కనుమదారి:

గమనించాను, ఫోటో కూడా తీశాను. ఇప్పుడు పెద్దది చేసి చూశాను. పిరెల్లీ పీ7. ఆ టైరు పుట్టుకే స్ట్రాటోస్ ర్యాలీ అవసరాలతో ముడిపడి ఉందని విన్నాను, అందుకే యజమాని పట్టుబట్టి పాతవే ఉంచుకున్నాడట. రబ్బరు పక్కన సన్నని పగుళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి, గోరుతో నొక్కినప్పుడు బండలా తగిలిందని నాకు గుర్తుంది. డీనోకు ఉన్నవి కొత్త మిషెలిన్లు. ఆ వానలో ఆ పాత టైర్ల మీద మునారి కూడా ట్రెయిలర్‌నే అడిగేవాడు. మాంటీరాత్రులు గారూ, సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నాను.